ఏటవతలి నాడి

మా మరదలు అసిరితల్లికి రోజూ రెండు ఆకళ్ళు వేసేవి. ఒకటి తనది. రెండోది ఏటవతలి ఊరిది.

మొదటిసారి అది జరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చింతచిగురు వేసి వండిన రొయ్యల కూరతో కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని వస్తూ వస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. కడుపు పట్టుకుని, "వదినా, ఆకలేస్తంది" అంది. ఇప్పుడే కదే తిన్నావు, కడుపా కళ్ళేపల్లి చెరువా అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కుడిచేతి కడియం తడుముకుంటూ, ఇది నాది కాదు, చిన్నపిల్లల ఆకలిలా ఉంది అంది. ఫోన్ చేసి కనుక్కుంటే ఏటవతలి కుంజగుడ బడులకి అన్నం తెచ్చే బండి దారిలో చెడిపోయి ఆగిపోయిందట. మా మునిసిపాలిటీ జీపు వంతెన దాటి వెళ్ళి గిన్నెలు మోసుకెళ్ళింది. పిల్లలు తిన్నాక అసిరికి కడుపు చల్లబడింది. నేను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, అంత తేలిగ్గా దేన్నీ నమ్మను. ఆరోజు నమ్మాను.

నా పేరు నీలవేణి. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడింట్లో ఉంటాను, నోరు కాస్త పెద్దదని ఊళ్ళో పేరు. ఆ నోటితోనే ఇదంతా చెప్తున్నాను.

మా ఊరు సీతన్నవలస. సన్నేరు ఒడిశా కొండల్లో పుట్టి, కుంజగుడని ఒరుసుకుంటూ వచ్చి, సరిహద్దు దాటి మా ఊరి మంచినీళ్ళ ఆనకట్ట దగ్గర ఆగుతుంది. ఆ నీళ్ళ మీద రెండు రాష్ట్రాల తగాదా నేను పుట్టకముందు నుంచీ ఉంది. పెద్దవాళ్ళు కలుస్తారు, టీలు తాగుతారు, విడిపోతారు. ఈలోగా కుంజగుడ మురికి మా కుళాయిల్లోకి వచ్చేది. మేం గేట్లు దించితే నీళ్ళు ఎదురుతన్ని వాళ్ళ ఏటిగట్టు వీధుల్లోకి ఎక్కేవి. దోమకి సరిహద్దు లేదు కాబట్టి డెంగ్యూని మాత్రం ఇద్దరికీ సమానంగా పంచేది. అయినా మా సంతలో ఎండుచేపలు అమ్మేది వాళ్ళ కేవుటసాహి ఆడవాళ్ళే. కేవుటసాహి అంటే కుంజగుడలోని జాలరి వీధి. మగవాళ్ళు వల వేస్తే ఆడవాళ్ళు గంపలెత్తుకుని వంతెన దాటి వచ్చేవారు. మా ఊళ్ళో సగం ఇళ్ళ పులుసు వాళ్ళ గంపలోంచి వచ్చిందే.

రాష్ట్రాలు కలిసేదాకా ఆగితే మనం బతకం, మునిసిపాలిటీలే కలుద్దాం అని మొదట అన్నది కుంజగుడ చైర్‌పర్సన్ సుకాంతి బెహరా. ఊళ్ళో జనం నవ్వారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, సొంత వీధిలో చెత్త ఎత్తలేనివాళ్ళు పక్క రాష్ట్రంతో పొత్తు కలుపుతారట అన్నారు. అలాంటి ఒప్పందానికి చట్టంలో దారి లేదన్నారు. పారిశుద్ధ్య సహకారం అని పేరు పెట్టి రెండు కౌన్సిళ్ళూ సంతకాలు చేసేశాయి. రెండూళ్ళకీ ఒకే ఫైరింజను, ఒకే చెత్తయార్డు, ఆసుపత్రిలో ఎవరికైనా మంచం. అయితే సుకాంతి ఒక షరతు పెట్టింది. గేటు మీద చెయ్యి మీది, మునిగేది మేము, మా నొప్పి ఆ చేతికి తెలియాలి అంది. తన ఊరి మురుగు కాలవ తూము తెరిచే చేతికి మా ఊరి నొప్పి తెలిసేలా తానూ కట్టుబడతానంది.

ఆ మాటకి రూపం ఇచ్చింది ఇందుమతి పట్నాయక్. సరిహద్దు కరణాల పిల్ల, రెండు భాషలూ ఇంట్లోనే నేర్చింది, చదువంతా నరాల మీద. రెండూళ్ళలో ప్రతి ఇంటి కుళాయి దగ్గరా, ప్రతి కరెంటు స్తంభం మీదా పెసరగింజంత పరికరం బిగించింది. నీళ్ళ పరుగు, నేల అదురు, పొయ్యి పొగ, గొంతుల రొద అన్నీ పోగై కడియంలోకి చేరతాయి. కడియం అంకెలు చూపించదు. నేరుగా చేతి నరానికి చెప్తుంది. అంకెలు చూసి ఏ ఆఫీసరు ఎప్పుడు కుర్చీలోంచి లేచాడు పిన్నీ అనేది ఇందుమతి.

పెట్టుకున్న రోజే ఏమీ తెలియదు. నెలల తరబడి నరం నేర్చుకోవాలి. మా ఊరి చైర్‌పర్సన్‌గా కడియం తొడుక్కున్న అసిరికి మొదట్లో ఒట్టి జిల. తర్వాత మోచేతి దగ్గర సలుపంటే కుంజగుడ బజారులో కాలవ పూడిందని, వేళ్ళ చివర వెచ్చదనం అంటే కేవుటసాహిలో పొయ్యిలు వెలిగాయని తెలిసింది. ఒకరికి అలవాటు పడ్డ కడియం మరొకరి చేతికి ఒట్టి ఇనుము. అందుకే ఒప్పందంలో గట్టిగా రాసుకున్నారు: వాన కాలంలో కడియం ఉన్న చెయ్యి చెప్తేనే గేటు కదలాలి.

ఇక మా తమ్ముడు తవిటినాయుడు సంగతి. చైర్మన్ పదవి ఆడవాళ్ళకి రిజర్వేషన్ అని తెలియగానే భార్యని నిలబెట్టాడు. గెలిచింది అసిరి, చైర్మన్ గారూ అని దండాలు అందుకునేది వాడు. ఆమె ఫోను వాడి జేబులో ఉండేది. మీటింగుల్లో ఆమె కుర్చీలో వాడే కూర్చునేవాడు. సంతకం మాత్రం ఆమెది, అదీ వాడు వేలు పెట్టి చూపించిన చోట. మా వైపు దీన్ని ఎవరూ వింతగా చూడరు, సుకాంతి ఇంట్లో కూడా కొన్నాళ్ళు ఇదే భాగోతం నడిచిందట. వాడు చెడ్డవాడు కాదు. భార్యంటే ప్రాణం. పదవి బరువు ఆమె ఎందుకు మోయాలి, నేను లేనా అన్నదే వాడి లెక్క. కడియం వచ్చాక మొదటిసారి వాడు చెయ్యలేని పని ఒకటి వచ్చింది. వాడు ముడుచుకున్నాడు, ఆమె విచ్చుకుంది. వాన పడితే చాలు, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఆనకట్ట మీదికి తానే నడిచి వెళ్ళేది. లస్కరు వెంకటి ఆమె ముఖం చూసి గేటు చక్రం తిప్పేవాడు. రెండు వానకాలాలు కేవుటసాహి గడప తడవలేదు. పండక్కి ఆ వీధివాళ్ళు అసిరికి గంపెడు ఎండుసావిళ్ళ చేపలు పంపారు, ఇల్లంతా కంపు కొట్టిందని నేను తిట్టుకుంటూనే తిన్నాను.

మూడో ఏడు సంత రోజున వాన పట్టింది. అసిరికి ముందురోజు నుంచీ ఒళ్ళు కాలిపోయే జ్వరం. డాక్టరు ఇంజక్షన్ చేసి పడుకోబెట్టాడు. నేను సంతకి వెళ్ళాను. సంత ఆనకట్టకి దిగువన ఇసుకలోనే పెడతారు. తవిటినాయుడు పెళ్ళాం నుదుటి మీద తడిగుడ్డ వేసి, జ్వరంలో మరో ఊరి బరువు కూడా ఎందుకని నిద్రపోతున్న ఆమె చేతి కడియం ఊడదీశాడు. తీసిన వాడు బల్ల మీద పెట్టొచ్చు కదా? అలవాటు. ఆమె ఫోను జేబులో వేసుకున్నట్టే కడియం తన చేతికి తొడుక్కుని ఆనకట్ట మీదికి వెళ్ళాడు.

కొండల్లో వాన ముదిరింది. గేట్లు లేపితే సంత కొట్టుకుపోతుంది. బుట్టలు, మేకలు, పసిపిల్లలతో ఇసుక నిండా జనం. సంత ఖాళీ అయ్యాక లేపుదాం అన్నాడు తవిటినాయుడు. చైర్‌పర్సన్ అమ్మగారు రాలేదా బాబూ అని వెంకటి అడిగాడు. వాడు చెయ్యెత్తి కడియం చూపించాడు. సుకాంతి ఫోన్ చేసింది, అసిరి ఫోనే కాబట్టి వాడి జేబులో మోగింది. నీళ్ళు ఎదురుతన్నుతున్నాయి, కేవుటసాహి గట్టు నానిపోయింది అని ఆమె గొంతు చించుకుంటే వాడు శాంతంగా జవాబిచ్చాడు. "కడియం నా సేతికే ఉన్నాది తల్లీ. సల్లగా ఉన్నాది. నొప్పుంటే నాకు తెలీదేటి?"

మునసబు గారి చెప్పులు తొడుక్కున్నవాడు మునసబు అవుతాడా? ఆ ముక్క వాడికి తట్టలేదు. ఆ క్షణంలో వాడు అబద్ధం కూడా చెప్పలేదు, నిజంగానే చెయ్యి చల్లగా ఉంది.

నేను తడిసిన సంచితో ఇంటికి వచ్చేసరికి అసిరి మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఒట్టి మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని, కడియమేదీ అంది. ఇద్దరం గొడుగు కూడా లేకుండా పరిగెత్తాం. మేం ఆనకట్ట ఎక్కేసరికి సంత ఖాళీ అయింది, గేట్లు లేస్తున్నాయి. చూశావా, ఒక్క మేకపిల్ల కూడా పోలేదు అని తమ్ముడు నాతో చెప్పబోయాడు. అసిరి వాడి చేతిలోంచి కడియం లాక్కుంది. అప్పటికే గట్టు తెగింది, ఏటి ఒడ్డున కేవుటసాహి లేదు.

దేవుడు ఇంత దుర్మార్గపు లెక్క వేస్తాడని నేననుకోలేదు. కేవుటసాహి ఆడవాళ్ళు బతికారు, ఎందుకంటే వాళ్ళు మా సంతలో ఎండుచేపలు అమ్ముకుంటున్నారు. తవిటినాయుడు కాపాడింది వాళ్ళనే. పోయింది ఇళ్ళ దగ్గర ఉన్న ముసలివాళ్ళు, పిల్లలు, వాన అని ఏటికి వెళ్ళని మగవాళ్ళు. గంపలు నెత్తినెట్టుకుని వంతెన దాటి వెళ్ళిన ఆడవాళ్ళకి వీధి దొరకలేదు. ఒడ్డున నిలబడి బురదవంక చూశారు. ఆ ఏడుపు ఏటి ఇవతలికి కూడా వినబడింది.

వాళ్ళని మా మునిసిపల్ కల్యాణ మండపంలో ఉంచాం. పక్క రాష్ట్రం వాళ్ళకి ఇక్కడ బియ్యం ఎలా ఇస్తారని పైనుంచి అడిగారు. అసిరి ఏ జవాబూ రాయకుండా గోడౌను తెరిపించింది. రెండు రాజధానుల నుంచీ కార్లు వచ్చాయి. ఒప్పందం చెల్లదు, మునిసిపాలిటీలు ఆడే ఆటలు ఇవి కావు అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వాళ్ళకి అలవాటే. తవిటినాయుడు ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. చైర్మన్ గారూ అని ఎవరైనా పిలిస్తే తలుపేసుకునేవాడు.

అసలు సంగతి అప్పుడు మొదలైంది. జ్వరం తగ్గిన రోజు అసిరి కడియం తొడుక్కుంది. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. ఆమె వేళ్ళు చాపి, ఎవరో చలిమంట దగ్గర నిలబెట్టినట్టు చూసుకుంది.

"వదినా, కేవుటసాహి లేచింది" అంది. "పొయ్యిలెలిగించినారు."

చేట కింద పెట్టేశాను. ఆ వీధిలో ఒక్క పరికరం మిగల్లేదు, అన్నీ బురదకింద ఉన్నాయి. ఇందుమతి వచ్చి కడియం విప్పి చూసింది. కేవుటసాహి నుంచి ఏ కబురూ రావడం లేదు. కాలు తీసేసిన మనిషికి లేని పాదం దురద పెడుతుంది కదా పిన్నీ, అదే ఇది అంది. మూడేళ్ళు ఆ వీధి ఆమె నరంలో నడిచింది. వీధి పోయింది, నరంలో మిగిలింది. కడియం తీసేసి చేతికి విశ్రాంతి ఇస్తే మెల్లగా సద్దుమణుగుతుంది అని చెప్పింది.

అసిరి చెయ్యి వెనక్కి లాక్కుంది. తీసేస్తే వాళ్ళు రెండోసారి పోతారు అంది.

అక్కడినుంచి మా ఇంట్లో కేవుటసాహి కాపురం పెట్టింది. రోజూ అదే ఉదయం. పొయ్యిలు వెలుగుతాయి, కుళాయి దగ్గర బిందెలు చప్పుడవుతాయి, గంపలెత్తుకున్న ఆడవాళ్ళ అడుగులు వంతెన వైపు పోతాయి, వాన మొదలవుతుంది. సరిగ్గా తమ్ముడు కడియం ఊడదీసిన చోట అంతా ఆగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ పొయ్యిలు వెలుగుతాయి. కూర తరుగుతూ తరుగుతూ ఆమె చెయ్యి ఆగితే నాకు తెలిసేది, వాళ్ళు ఇప్పుడు ఆగిపోయారని. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ చెయ్యి పక్కన కూర్చుని అన్నం తినాలంటే నాకు భయం వేసేది, ఉన్నమాట చెప్తున్నాను.

ఈ సంగతి మండపానికి పాకింది. ఒకరోజు కుంతల అనే పడుచు వచ్చి మా అరుగు మీద కూర్చుంది. సంతలో నేను బేరమాడి ఏడిపించే పిల్లే. ఆమె కూతురికి అప్పుడప్పుడే నడక వచ్చింది, ఆరోజు అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. అసిరి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "నా గుంట నడస్తందా అమ్మా?" అని అడిగింది.

అసిరి కళ్ళు మూసుకుంది. నడస్తంది అంది.

కుంతల ఆ చేతిని బుగ్గకి ఆనించుకుని చాలాసేపు వదల్లేదు. మర్నాటి నుంచి అందరూ రావడం మొదలుపెట్టారు. మా ముసిలోడు వల అల్లుతున్నాడా, మా అమ్మ దగ్గు తగ్గిందా అని అడిగేవారు. అసిరి అందరికీ చెప్పేది. నేను వాళ్ళకి టీలు కాచి పోస్తూ లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. వాళ్ళు వెళ్ళాక ఒకసారి నిలదీశాను, అన్ని అడుగుల్లో ఆ పిల్లది ఏదో నీకు నిజంగా తెలుసా అని.

"నాకెలాగ తెలుస్తది వదినా? అలాగని లేదని సెప్పనా?"

తన్ను మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటారు. ఆమె బుగ్గలు లోపలికి పోయాయి. రోజుకి ఎన్నోసార్లు ఆగిపోయే వీధితో పాటు ఆమె గుండె కూడా తడబడుతోందని డాక్టరు చెప్పాడు. తవిటినాయుడు కాళ్ళమీద పడ్డాడు. ఆ నొప్పేదో నాకివ్వు, నేను మోస్తాను అన్నాడు. ఆమె కోప్పడలేదు. కడియం తీసి వాడి చేతికి పెట్టింది. ఏమైనా తెలుస్తోందా అని అడిగింది. వాడు ఏడుస్తూ తల అడ్డంగా ఊపాడు. తిరిగి తీసుకుంది. వాడికి వేసిన శిక్ష అంతే, అంతకంటే పెద్దది ఎవరూ వెయ్యలేరు.

సుకాంతి మమ్మల్ని చూడటానికి రావడం ఆ రోజుల్లోనే. ఆమె చేతికి మా ఊరి కడియం ఉంది కదా. వస్తూనే, మీ ఊళ్ళో ఒక ఇల్లు నన్ను నిద్రపోనివ్వడం లేదు, వెతుక్కుంటూ వస్తే ఇక్కడ తేలింది అంది. మా మీద కోపంతో వచ్చిందేమో అనుకుని నేను సర్దుకుని నిలబడ్డాను. ఆమె అసిరి పక్కన చాప మీద కూర్చుంది. తన వీధి పోగొట్టుకున్న మనిషి, ఆ వీధిని పోగొట్టిన ఇంటి నొప్పి మోస్తోంది. మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

దారి చెప్పింది ఇందుమతి. కేవుటసాహి పరికరాలు మునిగేదాకా పంపిన కబురు కుంజగుడ ఆఫీసులో ఉంది. నరం ఆగిపోయింది కబురు తెగిపోయిన చోట. ఆ తర్వాతి భాగం దానికి అందలేదు, అందుకే వెనక్కి వెనక్కి పోతోంది. అది అందిస్తే వీధి ముందుకి కదులుతుంది, ముగుస్తుంది. అయితే ఆ ముగింపు ఏమిటో మనకి తెలుసు. ఈ గుండె దాన్ని తట్టుకుంటుందని నేను హామీ ఇవ్వలేను అంది.

నేను వద్దన్నాను. తమ్ముడు వద్దన్నాడు. అసిరి మమ్మల్ని అడగలేదు. మండపానికి నడిచి వెళ్ళి ఆ ఆడవాళ్ళని అడిగింది. కుంతల లేచి నిలబడింది. మళ్ళీ చంపుతారా, రోజూ నడుస్తున్న పిల్లని మళ్ళీ నీళ్ళలో వేస్తారా అంది. మండపమంతా గొల్లుమంది. అసిరి మెట్టు మీద కూర్చుని వాళ్ళు అలిసేదాకా ఊరుకుంది. చివరికి కుంతలే వచ్చి ఎదురుగా గొంతుకూర్చుంది.

"ఆఖర్న నా గుంట ఏడ్చిందో లేదో సెప్పు. అదొక్కటి తెలిస్తే ఒగ్గేస్తాను."

కుంజగుడ మునిసిపల్ హాల్లో, పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి పెట్టారు. అసిరిని మంచం మీద పడుకోబెట్టి డాక్టరు పక్కన కూర్చున్నాడు. ఒక చేతికి కడియం, ఇంకో చెయ్యి సుకాంతి చేతిలో. ఆడవాళ్ళంతా నేల మీద. తవిటినాయుడు గుమ్మం బయట, చెప్పులు వదిలే చోట కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వాడూ అడగలేదు.

ఇందుమతి కబురు వదిలింది. మొదట ఆ పాత ఉదయమే. పొయ్యిలు, బిందెలు, వంతెన మీద అడుగులు, వాన. రోజూ ఆగే చోటు వచ్చింది. ఆగలేదు. అసిరి ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది.

నీళ్ళొచ్చినాయి, చీలమండల దాకా అంది. పొయ్యిలు ఆర్పుకున్నారు అంది. బియ్యం కుండలు అటకెక్కించారు, పిల్లల్ని మంచాల మీద కూర్చోబెట్టారు అంది. ఒక్కొక్క మాటకీ మధ్య ఆమె ఊపిరి కోసం వెతుక్కుంటోంది. పరిగెత్తడం లేదా, గట్టు మీదికి పోవడం లేదా అని ఎవరో ఆడమనిషి ఏడుపు ఆపుకుంటూ అడిగింది. మెట్ట నాలుగు అడుగుల దూరమే కదా అంది ఇంకొకామె.

అసిరి కళ్ళు తెరిచింది. చూపు మాత్రం మా ఎవరి మీదా లేదు.

"ఎందుకు లగెత్తుతారు? నానున్నాను కదా. సీతన్నవలసలో మన నొప్పి తెలిసిన సెయ్యి ఉన్నాది, గేట్లు ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేపెత్తారనుకుంటన్నారు. కూకున్నారు. ఎదురుసూస్తన్నారు."

గుమ్మం బయటనుంచి ఒక చప్పుడు వచ్చింది. మా తమ్ముడు తలని గోడకేసి కొట్టుకుంటున్నాడు. నేను వెళ్ళి పట్టుకోలేదు. పట్టుకోవాలని నాకనిపించలేదు.

చివర్లో అసిరి అరవలేదు. నీళ్ళు చల్లగా ఉన్నట్టు ఒకసారి వణికింది. డాక్టరు ఛాతీ మీద చేతులేసి గట్టిగా నొక్కడం మొదలుపెట్టాడు. సుకాంతి ఆమె చెయ్యి వదల్లేదు. ఎంతసేపో నాకు తెలియదు, ఆ కాసేపు నేను కూడా బతికి లేను. చివరికి ఆమె దగ్గింది. కుంతల మోకాళ్ళ మీద నడుచుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది.

"ఏడవలేదమ్మా" అంది అసిరి. "ఎవరూ ఏడవలేదు."

కుంతల ఆ చేతిని మళ్ళీ బుగ్గకి ఆనించుకుంది. చల్లగా ఉందేమో, కాసేపటికి తానే వదిలేసింది.

మర్నాడు పొద్దున అసిరి వాకిట్లో నిలబడి వేళ్ళు చాపింది. కుంజగుడ అంతా ఉంది, బజారు ఉంది, బడి ఉంది. కేవుటసాహి ఉండాల్సిన చోట ఏమీ లేదు. పన్ను ఊడిన చోట నాలుకతో తడిమినట్టు చాలా రోజులు అక్కడ తడుముకుంటూనే ఉండేది.

ఒప్పందం రద్దు కాలేదు. రద్దు చేస్తామని పైనుంచి వచ్చినవాళ్ళకి, అయితే వాన కాలంలో ఇక్కడే కాపురం ఉండి ఆ గేట్లు మీరే తిప్పండి అని ఇద్దరు చైర్‌పర్సన్లూ ఒకే మాట చెప్పారు. వాళ్ళు కార్లెక్కేశారు. చైర్‌పర్సన్ కుర్చీలో, ఫోనులో, కడియంలో ఇంకో మనిషి వేలు పెట్టకూడదని రెండు కౌన్సిళ్ళూ తీర్మానం చేశాయి. ఆ తీర్మానం కోసం మీటింగు హాలు తలుపు మూసి, బయట స్టూలు మీద కూర్చున్నవాడు మా తమ్ముడే. కేవుటసాహి వాళ్ళకి కుంజగుడలో మెట్ట మీద ఇళ్ళు కట్టారు, ఏటిగట్టున మిగిలిన బస్తీల వాళ్ళు మాత్రం అక్కడే ఉన్నారు.

ఈ ఏడు మళ్ళీ సంత రోజునే కొండల్లో వాన ముదిరింది. నేను ఫ్లాస్కులో టీ పోసుకుని అసిరితో పాటు ఆనకట్ట మీద గదిలో ఉన్నాను. దిగువ ఇసుకలో తవిటినాయుడు డప్పు మెడలో వేసుకుని గుడారం గుడారానికీ తిరుగుతున్నాడు. లెగండి, లెగండి అని అరుస్తున్నాడు. ఇంకా చినుకులు సరిగా పడకముందే ఏం తొందర అని జనం తిడుతున్నారు. వాడు ఎవరికీ జవాబు చెప్పడం లేదు, ఎవరి బుట్ట కనబడితే ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతున్నాడు.

ఆఖరి బుట్ట గట్టెక్కాక, అసిరి ముఖం చూసి వెంకటి చక్రం తిప్పాడు. గేట్లు లేచాయి. మా వీధిలోకి నీళ్ళు వస్తాయని, మా ఇంటి ముందుగది తడుస్తుందని నాకు తెలుసు. ఫోను మోగింది, అసిరి చేతిలోనే. సుకాంతి. మీ ఇంట్లో కింది అల్మారాలో బట్టలు తీయించండక్కా, నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి అంది. నేను ఇంట్లో లేకపోయినా నా చీరల సంగతి ఏటవతల ఒక మనిషికి తెలిసింది.

అసిరి ఫోను పెట్టి ఉన్నట్టుండి కడియం పట్టుకుంది. అరిచేతి కింద ఏదో గబగబా పోతున్నట్టు వేళ్ళు ముడిచింది. ఏమైందే అని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"లగెత్తుతున్నారు వదినా. ఏటిగట్టు బస్తీలన్నీ. ముసిలోళ్ళని ఎత్తుకుని మరీ మెట్టకి లగెత్తుతున్నారు."

గేట్లు లేపేశాం కదా, నీళ్ళు వాళ్ళ గడప కూడా తాకవు కదా, ఆ మాట చెప్పించు అన్నాను. సుకాంతి మైకులో చెప్పిస్తూనే ఉందట. గేట్లు లేచాయి, సీతన్నవలస చెయ్యి గేటు మీదే ఉంది, భయం లేదు అని వీధి వీధికీ చెప్తోందట. అయినా ఒక్కరు ఆగడం లేదు.

"నన్ను నమ్మలేదు వదినా" అంది అసిరి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "బతుకుతారు."

నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆఖరి అడుగు మెట్ట ఎక్కేదాకా ఆమె ఆ చక్రం దగ్గరనుంచి కదల్లేదు. కింద డప్పు చప్పుడు లేదు, సంత ఉన్న ఇసుక మీద నీళ్ళు పారుతున్నాయి. వాన కొంచెం తెరిపిచ్చాక ఆమె బల్ల మీద కూలబడి, ఆకలేస్తంది వదినా అంది.

అది ఏ ఊరి ఆకలో నేను అడగలేదు. టిఫిను డబ్బా విప్పి, అన్నం కలిపి ముద్ద చేతికిచ్చాను.